సీఐడీ మేడం కొలతలు

ఇవాళ పొద్దున్నుంచీ వికారాబాద్‌లో ముసురు. గ్రౌండంతా బురద, ప్రాక్టీసు లేదు. ఆడపిల్లల కాలేజీలో మొదటి అంతస్తులో ఉన్న నా గదిలో కూర్చుని తడిసిన బంతులను పాత టవల్‌తో తుడుస్తున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. తడి కాళ్లు. టప్, టప్, టప్... మధ్యలో ఒక అడుగు రావలసిన సమయానికి రాలేదు. కాస్త ఆగి, మెత్తగా, దొంగలా వచ్చింది. నేను తలెత్తలేదు గానీ నా చెయ్యి టవల్ మీదే ఆగిపోయింది. ఎడమ కాలు, అనుకున్నాను. ఎవరో ఎడమ కాలు దాచుకుంటూ ఎక్కి వస్తున్నారు. ఎన్నేళ్లయినా ఒంట్లోంచి పోని ఒక పాత భయం, దాని వెనకే సువర్ణ మేడం గొంతు. "మొఖం జూడకు. మొఖం అబద్ధం జెప్తది. కాళ్లు జూడు."

సువర్ణ మేడం మీకు తెలియదు. తాండూరులో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో రిటైరయ్యేదాకా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పారు. ఆమె జట్టు గ్రౌండులోకి వస్తుంటే అవతలి కాలేజీ పిల్లలు బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టుకునేవాళ్లు. గెలిచిన కప్పులతో ఆటల గది బీరువా నిండిపోయి, ప్రిన్సిపాల్ గది కిటికీ నిండిపోయి, చివరికి లైబ్రరీలో నిఘంటువుల పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆమె దగ్గర ఆడినవాళ్లు ఇప్పుడు పోలీసుల్లో ఉన్నారు, రైల్వేలో ఉన్నారు, నాలాగా ఈలలు మెడలో వేసుకుని బడుల్లో, కాలేజీల్లో ఉన్నారు. రిటైరైన రోజు సన్మాన సభలో ఇవన్నీ చెప్పారు. ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె లోకంలో ఎవ్వరినీ నమ్మేవారు కాదు. అనుమానం ముందు పుట్టి, ఆ తర్వాత తీరిగ్గా ఆమె పుట్టారు. మేం చాటుగా సీఐడీ మేడం అనేవాళ్లం. ఆ సంగతి ఆమెకు తెలుసని కూడా మాకు తెలుసు, ఎందుకంటే ఆమెకు తెలియనిది మా దగ్గర ఏదీ మిగిలేది కాదు.

అనుమానంలో నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు. మాది బంట్వారం దగ్గర పల్లె. తాతల నాటి నుంచి గొర్లే. మా నాయన బీరప్ప ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వాడు వెళ్లిపోయాక మందను ఒకసారి లెక్క చూసుకునే మనిషి. "ఊకెనే ఎవ్వరు ఏదియ్యరు బిడ్డా" అనేది మా ఇంట్లో పొద్దున చద్దన్నంతో పాటు పెట్టే మాట. అందుకే డిగ్రీలో చేరడానికి తాండూరు వెళ్లిన రోజు, కాలేజీ గేటు దగ్గర నిలబడి లోపలికొచ్చే ప్రతి ఆడపిల్ల కాళ్లవైపూ తదేకంగా చూస్తున్న ఒక పొట్టి మనిషిని చూడగానే నాకు ఒళ్లు మండింది. కాటన్ చీర, దాని కింద బూట్లు, మెడలో ఈల. సంతలో బేరగాళ్లు అలాగే చూస్తారు. మొహంతో పని లేదు, కాళ్లు చూస్తారు, పళ్లు చూస్తారు, ధర చెప్తారు. నేను ఆమెను దాటిపోతుంటే, "ఏమే, ఆగు" అన్నారు. "మీ ఇంట్ల గొర్లు గాస్తరా?"

"అవ్ మేడం. మీకెట్ల తెలుసు?"

"మడిమె కింద వెడ్తలేవు. ముందటి కాలు మీదనే నిలవడ్డవ్, ఏదన్న పక్కకు ఉరికితె పట్టుకొచ్చెటట్టు. రేపు పొద్దుగాల ఆరింటికి గ్రౌండుకు రా."

"దేనికి మేడం?"

"వస్తె తెలుస్తది."

ఆ రోజు హాస్టల్లో పడుకుని చాలాసేపు ఆలోచించాను. నాలో ఏం చూసింది ఈమె? ఏం కావాలి ఈమెకు? అడక్కుండా పిలిచేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలని మా నాయన చెప్పి పంపాడు. పైగా హాస్టల్లో సీనియర్లు ఆమె గురించి చెప్పిన సంగతులు ఒకదానికొకటి పొసగలేదు. వాళ్లది తాండూరు గంజి బజారులో పప్పుల వ్యాపారం చేసే కుటుంబమట. ఇంట్లో కన్నడం మాట్లాడతారట. పెళ్లి చేసుకోలేదట. షావుకార్ల ఇంటి ఆడబిడ్డ, అంగట్లో కాలు మీద కాలేసుకుని కూర్చోవలసింది, ఎండలో ఆడపిల్లల వెంట ఎందుకు పరుగెత్తుతుంది? లాభం లేనిదే ఆ గడపలోంచి కాలు బయట పెట్టరు కదా! ఏ లాభమో తెలుసుకుందామనే మర్నాడు ఆరింటికి వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆట మీద ఇష్టంతో కాదు, ఆమె గుట్టు తెలుసుకోవాలన్న పట్టుదలతో వెళ్లాను.

గ్రౌండు అంటే పెద్దగా ఊహించుకోకండి. తాండూరు అంటేనే బండలు. చుట్టూ పాలిష్ యూనిట్లు, గాలిలో ఎప్పుడూ తెల్లటి దుమ్ము. కాలేజీ వెనక ఉన్న ఆ ఖాళీ జాగాలో ఎన్నిసార్లు ఏరినా నాపరాతి పెచ్చులు పైకి వస్తూనే ఉండేవి. ఆట మొదలుపెట్టే ముందు అందరం వరసగా వంగి రాళ్లు ఏరాలి, అది మా మొదటి వ్యాయామం. గీతలకు సున్నం కొనేవారు కాదు మేడం. పాలిష్ యూనిట్ల దగ్గర ఊరికే పారబోసే బండల పొడి బస్తాలో తెప్పించి, డబ్బాకు చిల్లులు పెట్టి, తనే నడుస్తూ గీసేవారు. ఆమె కొత్తగా వచ్చినప్పుడు ఆ కాలేజీలో ఆడపిల్లలకు టెన్నికాయిట్, ముగ్గుల పోటీలు తప్ప ఏమీ లేవట. మగపిల్లల కాలేజీలో అతుకులు పడ్డ రెండు బంతులు అడిగి తెచ్చుకుని మొదలుపెడితే, గోడ మీద కూర్చుని ఊరు ఊరంతా నవ్విందట. నవ్విన నాపచేనే పండింది. మూడో యేడు ఆ గోడ మీద కూర్చున్నవాళ్లే టిఫిన్ డబ్బాలు తెచ్చుకుని మ్యాచులు చూశారట.

ఆమె పని తీరంతా అనుమానమే. టోర్నమెంటుకు ఏ ఊరెళ్లినా, ఆ కాలేజీవాళ్లు పెట్టిన నీళ్ల క్యాను మూత తీసి వాసన చూసేవారు. ఉప్మా ఎవరు వండారో వెళ్లి మొహం చూసి వచ్చేవారు. సంచిలోంచి ఒక గుండ్రటి తోలు డబ్బీ టేపు తీసి, ఆట మొదలయ్యే ముందు గోలు స్తంభాల మధ్య దూరం, పైన కర్ర ఎత్తు తనే కొలిచేవారు. రెఫరీలు నవ్వేవారు. "కొలిచే పెట్టినం మేడం" అంటే, "మీరు కొలిచిండ్రు, నేను కొలువలే" అనేవారు. ఎక్కువసార్లు కొలతలు సరిగ్గానే ఉండేవి. ఒకసారి మాత్రం ఒక వైపు గోలు జానెడు ఎక్కువ వెడల్పు తేలింది. ఆ రోజు ఆమె మొహం చూడాలి, కప్పు గెలిచిన రోజు కూడా అంత వెలుగు లేదు.

తప్పులూ బాగానే చేసేవారు. ఒకసారి హైదరాబాద్ మ్యాచుకు అద్దె బస్సులో వెళ్తుంటే డ్రైవరు తిన్నగా పోకుండా పూడూరు ఊళ్లోకి మళ్లించాడు. మేడం చటుక్కున లేచారు. "గిటెందుకు తిప్పినవ్? ఎవలు జెప్పిండ్రు నీకు? లేటుగ తోల్కరమ్మన్నరా ఆ కాలేజోళ్లు?" అని నిలదీశారు. పాపం డ్రైవరు బిక్కచచ్చిపోయాడు. ఒక ఇంటి ముందు బస్సు ఆపి, సీటు కింద నుంచి వంకాయల సంచి తీసి, గడపలో నిలబడ్డ ముసలామెకు ఇచ్చి వచ్చాడు. "మా అత్తమ్మ మేడం. జర తప్పయింది" అన్నాడు. బస్సులో మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. మేడం నవ్వలేదు. కిటికీలోంచి ఆ ముసలామెను ఆఖరిదాకా చూసి, "వంకాయలే ఉన్నయా, ఇంకేమన్న ఉన్నయా?" అన్నారు.

రెండో యేడు దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మా నాయన కచ్చితంగా చెప్పేశాడు. ఆయనకు మోకాళ్లు పట్టేశాయి, మంద వెంట తిరగలేకపోతున్నాడు. "ఈ యేడు జూస్త. నీ ఆట ఏదన్న దారి సూపిస్తె సదువు. లేకుంటె ఇంటికచ్చి మందను సూస్కో. నాకు ఇంకెవరున్నరు బిడ్డా?" అన్నాడు. ఆయన తప్పు లేదు. దారి అంటే ఒక్కటే దారి. మా జట్టు వికారాబాద్‌లో అంతర్ కాలేజీల ఫైనల్ ఆడుతుంది, యూనివర్సిటీ జట్టుకు పిల్లలను ఎంచుకునేవాళ్లు అక్కడికే వస్తారు, యూనివర్సిటీ జట్టులో ఆడితే ఆటల కోటాలో వ్యాయామ శిక్షణ కాలేజీలో సీటు వస్తుంది. ఫైనల్‌లో ఆడటమే నాకు చదువు, ఆడకపోవడమే మంద. నేను అంత సూటిగా లెక్కేసుకున్నాను.

ఫైనల్‌కు ఆరు వారాల ముందు, ప్రాక్టీసులో ఎవరూ ఏరని ఒక రాతి పెచ్చు మీద నా ఎడమ కాలు మెలిపడింది. మోకాలిలో ఏదో పుటుక్కుమంది. లేచి నిలబడి, దుమ్ము దులుపుకుని, "ఏం గాలే" అన్నాను. ఆ సాయంత్రానికి మోకాలు బెల్లం ముద్దలా ఉబ్బింది. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నేను గొర్ల ఇంట్లో పుట్టినదాన్ని. మా ఇంట్లో కుంటే గొర్రెకు మందు లేదు, సంత ఉంది. రెండు రోజులు చూస్తారు. మూడో రోజూ కుంటితే, బరువు తగ్గకముందే తోలుకుపోతారు. అందులో కసాయితనం ఏమీ లేదు, మంద నడవాలంటే అంతే. ఎన్ని గొర్రెలను నేనే చెవి పట్టుకుని బేరగాళ్లకు అందించానో! కుంటినదాన్ని ఎవరూ ఉంచుకోరని నాకు ఎవరూ నేర్పలేదు, చూస్తూ పెరిగాను.

కాబట్టి దాచాను. దాచడంలో నాకు నేనే సాటి అనుకున్నాను. పొద్దున అందరికంటే ముందే గ్రౌండుకు చేరేదాన్ని, నడిచి వస్తుంటే ఎవరూ చూడకుండా. మెట్లు అందరూ ఎక్కాక చివర్లో ఎక్కేదాన్ని. పాత ఓణీ చింపి మోకాలికి గట్టిగా చుట్టి పైన సాక్స్ లాగేదాన్ని. కుడి కాలితోనే తన్నేదాన్ని. మేడం చూపు అప్పుడప్పుడూ నా మీద ఆగేది. "ఏమే మంజులా, ఏమైంది?" అనేవారు. "ఏం లేదు మేడం" అనేదాన్ని. "ఏం లేదా?" "ఏం లేదు." ఆమె కళ్లు చిన్నవి చేసుకుని, నోట్లో ఈల పెట్టుకుని, ఊదకుండా అలాగే నిలబడేవారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ పరుగెత్తేదాన్ని.

ఒక ఆదివారం ఇంటి దగ్గరున్నాను. చేను వైపు నుంచి వస్తుంటే మా గొర్ల దొడ్డి దగ్గర ఆటో కనిపించింది. దొడ్డి పక్కన రాయి మీద సువర్ణ మేడం, ఎదురుగా గొంతుక్కూర్చుని మా నాయన. ఇద్దరూ మంద వైపు చూస్తూ, వేళ్లు చూపిస్తూ ఏదో లోతుగా మాట్లాడుకుంటున్నారు. నేను దగ్గరికి పోగానే ఇద్దరూ ఠక్కున నోరు మూశారు. మేడం లేచి, చీరకంటిన గడ్డి దులుపుకుని, "పోతున్న బీరప్పన్నా" అని ఆటో ఎక్కేశారు. "ఏం ముచ్చట నాయినా?" అని అడిగాను. "ఏం లేదు బిడ్డా, గొర్ల ముచ్చట" అన్నాడు మా నాయన, నా మొహంలోకి చూడకుండా. పంతులమ్మ తాండూరు నుంచి ఇంత దూరం గొర్ల ముచ్చట కోసం వస్తుందా! ఇద్దరు అనుమానపు మనుషులు ఒకచోట కూర్చుని గుసగుసలాడితే మధ్యలో ఉన్నదాని గతేం కావాలి? ఆ వారంలోనే, ప్రాక్టీసు చేస్తుంటే కాలేజీ గోడ అవతల నల్ల గొంగడి కప్పుకున్న మనిషెవరో చాలాసేపు నిలబడి పోయాడు. ఏదో మంద పోతోందిలే అనుకున్నాను.

ఫైనల్ రోజు వికారాబాద్ గ్రౌండులో, ఎంపిక చేసేవాళ్లు టెంటు కింద కూర్చున్నారు. మేడం టేపుతో రెండు వైపులా గోలు స్తంభాలు కొలిచి వచ్చి, కాగితం తీసి పదకొండు పేర్లు చదివారు. నా పేరు లేదు. నా చోట స్రవంతి పేరుంది. స్రవంతి వాళ్లది తాండూరులో బట్టల దుకాణం, మేడంకు దూరపు చుట్టరికం. ఆటలో నా ముందు నిలవదని జట్టంతటికీ తెలుసు. అప్పటిదాకా పేర్చుకున్న అనుమానాలన్నీ ఒక్కసారి అంటుకున్నాయి. గేటు దగ్గర కాళ్లు చూడటం, దొడ్డి దగ్గర గుసగుసలు, అన్నీ. కంచే చేను మేసిందనిపించింది. అందరి ముందూ అరిచేశాను. "మీ చుట్టమని వెట్టిండ్రా మేడం? మీ ఇంటోళ్లకు మా అసుంటోళ్ల బతుకంటె లెక్క లేదా?"

జట్టంతా బిగుసుకుపోయింది. టెంటు కింద ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగి చూశారు. మేడం మొహం కందగడ్డలా అయింది. ఏదో అనబోయి, టెంటు వైపు ఒకసారి చూసి, మింగేశారు. "కూసో" అన్నారు అంతే.

కూర్చున్నాను. ఆ బెంచీ మీద తొంభై నిమిషాలు కూర్చున్నాను. ఒక్క గోలుతో గెలిచాం, ఆ గోలు స్రవంతే వేసింది, దాంతో నా కడుపుమంట ఇంకా ఎక్కువైంది. అందరూ ఎగిరి గంతులేస్తుంటే నేను చప్పట్లు కూడా కొట్టలేదు. నా చదువు ఆ గ్రౌండులోనే అయిపోయిందని ఏడ్చాను. ఎవరైనా చూస్తారేమోనని ఏడుపు కూడా దాచుకున్నాను.

సాయంత్రం ప్యాసింజరు బండిలో తాండూరుకు తిరిగి వెళ్తున్నాం. పిల్లలంతా అవతలి పెట్టెలో కప్పుతో గోల చేస్తున్నారు. నేను కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్నాను. మేడం వచ్చి ఎదురుగా కూర్చున్నారు. బండి ధారూరు దాటింది. అప్పుడు ఆమె, బయటికి చూస్తూనే, "దిగెటప్పుడు కుడి కాలు ముందువెట్టు. ఎడమ దాని మీద బరువెయ్యకు" అన్నారు.

నేను కాలు సీటు కిందికి లాక్కున్నాను. "మీకెట్ల తెలుసు?"

"నాకు తెల్వదు. అనుమానమే. నువ్వు మస్తు హుషారు, నా చేతికి చిక్కలే. అందుకే మీ నాయిన దగ్గరికి పోయిన. కుంటు దాసుకునే గొర్రెను మందల ఎట్ల వట్టుకుంటవన్న అని అడిగిన. ముందటికెంచి జూస్తె దొరుకదు, ఎన్కకెంచి జూడాలె, మెట్టెక్కెటప్పుడు జూడాలె అన్నడు. మొన్న గోడ అవతల నిలవడి నిన్ను జూసి, ఎడమ మోకాలు, లోపటి దిక్కు, అని జెప్పి పోయిండు."

గొంగడి కప్పుకున్న మనిషి! నా కన్నతండ్రే నన్ను పట్టించాడు. "ఇగ నన్ను పంపిస్తరా మేడం?" అన్నాను.

"ఏడికి?"

"ఇంటికి. కుంటె సంతకు తోలుతరు కదా."

ఆమె చటుక్కున నా వైపు తిరిగారు. "నినగేనాయ్తు?" అన్నారు కన్నడంలో, నీకేమైంది అని. బాగా కదిలిపోతేనే ఆమెకు ఇంటి భాష వచ్చేది. తర్వాత నెమ్మదిగా అన్నారు. "అమ్మెటోళ్లు వేరే ఉంటరు. నేను కూసోవెడ్త. మానినంక లేపుత. గంతే."

"మరి పొద్దుగాలనే చెప్పొచ్చు గద మేడం? నేను అందరి ముందల అంత మాటన్న..."

"టెంటు కింద కూసున్నోళ్ల ముందల నీ మోకాలు పోయిందని జెప్తె, మళ్ల యేడు నీ దిక్కు ఎవలన్న జూస్తరా? చుట్టాన్ని వెట్టుకున్నదని నన్ననుకుంటె నాకేమైతది? నాలుగు దినాలు అనుకుంటరు." ఆమె సంచిలోంచి చెక్కలు తీసి నా ముందు పెట్టారు. "తిను. మా ఇంట్లయే. నేనే మూట గట్టిన."

ఆ చెక్కలు తింటూ ఏడ్చాను. ఈసారి దాచలేదు.

హైదరాబాద్‌లో డాక్టరు మోకాలు చూసి, ఇంకొక్క ఆట ఆడి ఉంటే ఈ కాలు ఇక పరుగుకు పనికొచ్చేది కాదన్నాడు. ఆపరేషన్ అన్నాడు. ఆసుపత్రి వరండాలో మా నాయన గొంగడి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, మేడం కనిపించినప్పుడల్లా ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత నాతో అసలు సంగతి ఒప్పుకున్నాడు. "నేనెందుకు జెప్పిన్నంటె, కుంటుతున్నదని తెలిస్తె ఆమె నిన్ను ఇడిసిపెడ్తది, నువ్వు ఇంటికొస్తవ్ అనుకున్న బిడ్డా. కుంటిదాన్ని వెట్టుకొని ఆమె ఏంజేస్తది? నాకు సమజైతలేదు. జర సూస్కో, ఏదో ఉంటది." తండ్రీ బిడ్డలం ఇద్దరం ఒకే తప్పు చేశాం. కుంటినదాన్ని ఉంచుకునే మనిషి ఉంటుందని మా ఇద్దరికీ తోచనే లేదు.

మేడం మా నాయనతో ఏం మాట్లాడారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఒక యేడు గడువు మాత్రం ఇచ్చాడు. ఆ యేడంతా పొద్దున్నే గ్రౌండులో బండల పొడి గీత మీద నన్ను నడిపించేవారు ఆమె. మొదట పది అడుగులు, తర్వాత గీత పొడవునా. ఎప్పుడూ ఎదురుగా నిలబడేవారు కాదు, వెనకే వచ్చేవారు. "నొస్తుందా?" "లేదు." "మళ్ల అడుగుత. నొస్తుందా?" "జర నొస్తుంది మేడం." "ఆ, గిది నమ్ముత." మళ్లీ యేడు ఆడాను, యూనివర్సిటీ జట్టులో చివరి పేరుగా ఎంపికయ్యాను, శిక్షణ కాలేజీలో సీటు వచ్చింది. నేనేమీ పేరుమోసిన ఆటగత్తెను కాలేదు. మా నాయన మాత్రం ఆ యేడు ఒక కుంటి గొర్రెను సంతకు తోలకుండా దొడ్లోనే కట్టేసి, ఆకు తెచ్చి మేపాడు. దాని కుంటు పోలేదు గానీ, అది రెండు ఈతలు ఈనింది.

నాకు వికారాబాద్‌లో ఉద్యోగం వచ్చాక, రిటైరైన మేడం నెలకోసారైనా తాండూరు నుంచి బండెక్కి నా జట్టును చూడటానికి వచ్చేవారు. నా నీళ్ల క్యాన్ల మూతలు తీసి వాసన చూసేవారు. నా పిల్లల ముందే నన్ను తిట్టేవారు. ఒకరోజు తన టేపు నా బల్ల మీద పెట్టి, "ఉంచుకో. నా చూపు ఆనుతలేదు, అంకెలు అలుక్కపోతున్నయ్" అన్నారు. నేను పొంగిపోయి తీసుకున్నానే తప్ప, ఇన్నేళ్లు చేతిలోంచి దించని టేపును ఇవాళ ఎందుకిస్తున్నారని అడగలేదు.

ఆఖరిసారి వచ్చింది ఎండాకాలం మొదట్లో. మెట్లెక్కుతున్న చప్పుడు విని ఎదురెళ్లాను. మలుపు దగ్గర గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డారు. పెదవుల చుట్టూ చెమట. "ఏమైంది మేడం?" అన్నాను.

"ఏం లేదు. మీ మెట్లు ఎవడు గట్టిండే? ఒకటి ఎత్తుంది, ఒకటి పొట్టిగుంది. మేస్త్రి పైసలు దిన్నడు. టేపు దెచ్చి కొలువు, తెలుస్తది."

నేను పకపకా నవ్వాను. అబ్బ, మేడం ఏమీ మారలేదు, మెట్లను కూడా వదలడం లేదు అనుకున్నాను. చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చి చాయ్ ఇచ్చాను. గంటసేపు నా జట్టు లోపాలన్నీ ఏకరువు పెట్టి, సాయంత్రం బండికి వెళ్లిపోయారు. ఎనిమిదో రోజు పొద్దున స్రవంతి ఫోన్ చేసింది. మేడం ఇంటి వాకిట్లో పడిపోయారట, గుండెపోటు, ఇక లేరంది. డాక్టరు దగ్గరికి పొమ్మని ఇంట్లోవాళ్లు రెండు నెలల నుంచి పోరుతున్నారట. "ఏం లేదు" అన్నారట వాళ్లతో కూడా.

తాండూరు వెళ్లి వచ్చిన మర్నాడు, కాలేజీలో ఎవరూ రాకముందే, ఆ టేపు తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లాను. కింద నుంచి పై దాకా, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కటీ కొలిచాను. రెండుసార్లు కొలిచాను. అన్నీ ఒకటే ఎత్తు. వెంట్రుకవాసి తేడా లేదు. నాకు కాళ్లు చూడమని నేర్పిన మనిషి నా కళ్ల ముందే మెట్లెక్కలేక ఆగిపోతే, నేను మొహం చూసి నవ్వాను. లోకంలో అందరినీ అనుమానించాను. అనుమానించాల్సిన ఒక్క పూట నమ్మేశాను. దీనికి నన్ను నేను క్షమించుకోలేదు, క్షమించుకోవాలని కూడా లేదు.

తలుపు దగ్గర అడుగులు ఆగాయి. తలెత్తితే శ్రీలత. మోమిన్‌పేట్ నుంచి బస్సులో వస్తుంది, నా జట్టులో అందరికంటే చురుకైన పిల్ల. వచ్చే వారం ఫైనల్ ఉంది. గోడకు ఆనుకుని, బరువంతా కుడి కాలి మీద వేసి, మొహం నిండా నవ్వు పులుముకుని నిలబడింది.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదు మేడం. వాన గదా, మెట్లు జారుతున్నయ్."

నేను లేచి వెళ్లి కుర్చీ లాగాను. "కూసో" అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఈమెకేం తెలిసింది, నా చోట ఎవరిని పెట్టబోతుంది, ఎవరు ఈమెకు చుట్టం అని తడుముకుంటున్న చూపు. అనుమానించనీ. నాలుగు దినాలు ఏమన్నా అనుకోనీ. ముందు కూర్చుంటే చాలు. నేను ఆమె ముందు నేల మీద కూర్చుని, ఎడమ కాలు నా ఒళ్లోకి తీసుకున్నాను.